జాగ్రత్తగా దాచిన వీధి

ఆ బడిలో కంప్యూటర్లకి దక్కిన మర్యాద పిల్లలకి ఏనాడూ దక్కలేదు. పిల్లలు కూర్చునే గదుల్లో ఫ్యాను తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేదు. కంప్యూటర్ల గదికి మాత్రం కిటికీలకి తెరలు, గుమ్మం బయట చెప్పులు విడవమని పెద్దక్షరాల బోర్డు, ఒక్కో కంప్యూటరుకి కొలతలిచ్చి కుట్టించిన ముసుగు. ఆ గది తాళంచెవి హెడ్మాస్టరుగారి చొక్కా జేబులో ఉండేది. పిల్లలు ఆయన్ని పెద్దసారు అంటారు. దుమ్ము పడుతుందనీ, కరెంటు ఎక్కువొస్తే కాలిపోతాయనీ, పిల్లలవి చెమట చేతులనీ పెద్దసారు భయం. మరి తెప్పించడం ఎందుకయ్యా అని అడిగితే, "బడన్నాక ఉండాలి కదా" అనేవాడు.

అందుకని కంప్యూటరు పాఠం నల్లబల్ల మీదే నడిచేది. పాత టీచరు సుద్దముక్కతో ఒక పెట్టె గీసి, దాని పక్కన ఎలుకలాంటిది గీసి, బాణం గుర్తులు పెట్టేవాడు. పిల్లలు అచ్చం అలాగే దించుకునేవారు. దేని పేరేమిటో నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేవారు. ఈత పాఠం ఒడ్డున కూర్చుని వల్లె వేయించడం లాంటిదే ఇదీ. అలా ఎన్నో తరగతులు పాసై వెళ్ళిపోయాయి, ఒక్కరి ఒంటికీ తడి తగలకుండా.

కొత్త టీచరు వచ్చిన రోజున ఎనిమిదో తరగతిని అడిగింది. "మీలో కంప్యూటరు ముట్టుకున్నవాళ్ళు ఎవరు?"

ఎవరూ చెయ్యెత్తలేదు. వెనక బల్ల మీంచి ఒక గొంతు మాత్రం ఖంగున మోగింది. "మేం చూశాం టీచర్! గాలికి తెర పక్కకి జరిగితే కిటికీలోంచి చూశాం. ముసుగేసుకుని ఉన్నాయి."

ఆ గొంతుగల పిల్లని అందరూ మైకు అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆ పిల్ల గుసగుసలాడినా రెండు గదులవతలికి వినబడుతుంది. లెక్కల మాస్టారైతే పాఠం మొదలుపెట్టే ముందే, ముందుజాగ్రత్తగా, ఆ పిల్లని వరండాలో నిలబెట్టేవాడు.

కొత్త టీచరు ఆ సాయంత్రమే పెద్దసారు దగ్గరికి వెళ్ళి తాళంచెవి అడిగింది. ఆయన అప్పుడే చేదుమందు మింగినవాడిలా మొహం పెట్టాడు.

"ఇంకెందుకమ్మా తాళాలు? ఆ కంప్యూటర్లు మనకి ఉండవు. ఇక్కడ ఎవరూ వాడటం లేదట, ఊరి అవతల పెద్ద బడికి తరలిస్తారట. నెలాఖరులో తనిఖీ మేడమ్ వస్తుంది, లారీ ఎప్పుడు పంపాలో ఖాయం చేసి వెళ్తుంది. పిల్లలు సొంతంగా ఏదన్నా పని చేసి చూపిస్తే ఆలోచిస్తామన్నారు గానీ, మన పిల్లలా? వాళ్ళ సంగతి నాకు తెలీదా?"

టీచరుకి ఒళ్ళు మండింది. కోపాన్ని దిగమింగుకోవడం ఆవిడకి చిన్నప్పటినుంచీ చేతకాదు. కానీ ఆ రోజు మాత్రం ఎందుకో నవ్వు మొహంతో అంది. "పోయేవాటికి దుమ్ము పడితేనేం సార్, చెమట తగిలితేనేం? తాళంచెవి ఇవ్వండి."

పెద్దసారు చొక్కా జేబు తడుముకున్నాడు. తాళంచెవి బయటికొచ్చింది.

అలా తెరుచుకుంది ఆ గది. తీరా లోపలికి వచ్చాక పిల్లలు బిగుసుకుపోయారు. నల్లబల్ల దగ్గర పులుల్లా ఉన్నవాళ్ళు ఇక్కడ పిల్లులైపోయారు. ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరేసి కూర్చుని, పాలగిన్నె వేడి చూసినట్టు వేలి కొసతో ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కునేవారు. తెర మీద ఇంగ్లీషులో ఏదో గళ్ళు కట్టి అడిగితే చాలు, తప్పు చేశామనుకుని లేచి నిలబడేవారు. టీచరు ఎన్ని సార్లు చెప్పినా అంతే. సేవ్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం అప్పజెప్పేవారు, చెయ్యమంటే బిక్కమొహం వేసేవారు. కొత్త టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది. నెలాఖరు చూస్తే ఎక్కడో లేదు.

ఆ బెంగలో ఇంటికి వచ్చి సోఫాలో కూలబడితే, అత్తగారు ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. కూతురు పంపిన మనవడి ఫోటో.

"అమ్మాయ్, ఇది పోకుండా దాచిపెట్టు. మొన్నటిది ఎక్కడికో ఎగిరిపోయింది."

"సేవ్ చెయ్యడం మొన్నేగా నేర్పాను అత్తయ్యా."

"నువ్వు సేవూ గీవూ అంటే నాకేం తెలుస్తుందే? దాచు అని చెప్పి ఉంటే నేనే దాచుకుందును. దాచడం నాకు నువ్వు నేర్పాలా? ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో నన్ను అడక్కుండా నీ మొగుడికి రుమాలైనా దొరుకుతుందా?"

కోడలు గబుక్కున లేచి కూర్చుంది. అత్తగారు తను ఏమందో తెలియక, ఎందుకైనా మంచిదని రెండడుగులు వెనక్కి వేసింది.

మర్నాడు కంప్యూటర్ల గది గోడ మీద పెద్ద కాగితం వెలిసింది. దాని మీద ఇంట్లో వాడుకునే మాటలే. కత్తిరించు. అతికించు. వరస పెట్టు. వెనక్కి తీసుకో. దాచు. ప్రతి మాట పక్కనా తెర మీద కనబడే గుర్తు బొమ్మ.

అంతే, గేట్లు ఎత్తేసినట్టయింది. పిల్లలకి భయపడటానికి ఏమీ మిగల్లేదు. కత్తిరించడం వాళ్ళకి తెలుసు, అతికించడం తెలుసు. తప్పు చేసినా వెనక్కి తీసుకోవచ్చన్న సంగతి తెలిశాక ఇక వాళ్ళని పట్టేవాళ్ళు లేరు. మైకు అయితే ఒకసారి కంప్యూటరు మీద చేసిన తప్పుని వెనక్కి తీసుకుని, "లెక్కల పరీక్షలో కూడా ఇలాంటిది ఒకటి ఉంటే ఎంత బాగుణ్ణు" అని అరిచింది. పక్క గదిలో పాఠం చెబుతున్న లెక్కల మాస్టారికి అది వినబడనే వినబడింది.

ఆ మాస్టారికి ఆ గది మీద మొదటినుంచీ కన్ను. కంప్యూటర్లు పోతే అక్కడ అదనపు తరగతులు పెట్టుకోవాలని ఆయన ఆశ. చెడ్డవాడు కాదు. పిల్లలకి లెక్కలు తప్ప లోకంలో ఇంకేదీ అక్కర్లేదని నమ్మిన మనిషి, అంతే.

ఏం చేసి చూపిద్దామని టీచరు అడిగితే, పిల్లలు తలో మాటా అని చివరికి ఒక వీధి కడదామన్నారు. బడి ముందున్న వీధే. తెర మీద వీధంతా బొమ్మగా ఉంటుంది. ఏ తలుపు మీద నొక్కితే ఆ తలుపు తెరుచుకుంటుంది, లోపలున్న మనిషి కనబడతాడు, అక్కడి చప్పుడు వినబడుతుంది. ఇద్దరికి ఒక తలుపు. పిల్లలు టీచరు ఫోను పట్టుకుని వీధి మీద పడ్డారు. మంగలి కత్తెర చప్పుడు, దర్జీ మిషను చప్పుడు, రొట్టెల దుకాణంలో పెద్ద రేకు జారిన చప్పుడు, సైకిలు షాపులో ట్యూబు పేలిన చప్పుడు. ఆ పేలుడికి షాపతను అన్న మాట కూడా అందులో పడింది. దాన్ని టీచరు కత్తిరించమంది. పిల్లలు ఏడుపు మొహాలతో కత్తిరించారు.

వీధి ఒక కొలిక్కి వస్తున్నప్పుడు ఒక అన్యాయం జరిగింది. పక్క సెక్షను పిల్లలు ఎవరూ లేనప్పుడు దూరి, వీధిలో ఉన్న మనుషులందరికీ మీసాలు పెట్టి వెళ్ళారు. దర్జీ పిన్నికి మీసాలు, పాపలకి మీసాలు, ఆఖరికి గోడ మీద పిల్లికి ఉన్న మీసాలు చాలవని ఇంకో జత. ఎనిమిదో తరగతివాళ్ళు ఒంటికాలి మీద లేచారు. టీచరు వాళ్ళని శాంతపరిచి, మీసాలన్నీ గీయించేసరికి ఒక పూట గడిచింది.

తనిఖీకి ముందురోజు సాయంత్రం టీచరు అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "మీ మీ తలుపులన్నీ తెచ్చి ముందున్న పెద్ద కంప్యూటర్లో దాచండి. జాగ్రత్తగా దాచండి. బాగా జాగ్రత్త! రేపు ఒక్కటి తేడా వచ్చినా మన పరువు పోతుంది."

ఆ మాట అని ఆవిడ పెద్దసారు పిలిస్తే వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది, పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడి ఉన్నారు.

"దాచారా?"

"దాచాం టీచర్!" అన్నారు అందరూ. ఆ గొంతుల్లో ఉన్న గర్వం చూసి ఆవిడ మురిసిపోయింది. పాపం, అప్పుడే కాస్త అనుమానపడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మర్నాడు తనిఖీ మేడమ్ వచ్చింది. పెద్దమనిషి, తక్కువ మాటల మనిషి, కళ్ళద్దాల మీంచి చూసే మనిషి. గదిలో మొదటి వరస పక్కన కుర్చీ వేశారు. పెద్దసారు ఒక పక్క, లెక్కల మాస్టారు ఒక పక్క నిలబడ్డారు. కిటికీల దగ్గర పక్క సెక్షను పిల్లలు మూగారు.

"మా పిల్లలు ఒక వీధి కట్టారు మేడమ్, చూడండి" అని టీచరు పెద్ద కంప్యూటర్లో వీధి ఉండాల్సిన చోటు తెరిచింది.

ఖాళీ.

మూసి మళ్ళీ తెరిచింది. ఖాళీయే. పక్కన చూసింది, పైన చూసింది. వీధి లేదు, తలుపులు లేవు, మనుషులు లేరు. పెద్దసారు దగ్గాడు. లెక్కల మాస్టారు కిటికీ కొలతలు చూస్తున్నట్టు అటు తిరిగాడు.

"ఏదమ్మా?" అంది మేడమ్.

"ఒక్క నిమిషం మేడమ్." టీచరు పిల్లల వైపు తిరిగింది. "ఎక్కడ పెట్టారు?"

అందరూ మేడమ్ వైపు చూశారు, కిటికీల్లోని తలకాయల వైపు చూశారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పెదాలు బిగించారు. మైకు కూడా రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది.

అది చూశాక టీచరుకి గుబులు పోయి అనుమానం పుట్టింది. సూర్యుడు పడమట పొడిచినా మైకు నోరు మూసుకోదు. దగ్గరికి వెళ్ళి వంగింది. "ఏమైందే? చెప్పు."

మైకు తన శాయశక్తులా గుసగుసలాడింది. గదంతా వినబడింది. "చెప్పమంటారా టీచర్? అందరూ ఉన్నారుగా! మీరేగా ఎవరికీ దొరక్కుండా జాగ్రత్తగా దాచమన్నారు!"

టీచరు నుదురు కొట్టుకుంది. అత్తగారి మాట! ఇంట్లో ఫోటో దాచుకోవడమూ దాచడమే, దొంగల కంట పడకుండా నగలు దాచడమూ దాచడమే. మీసాల గొడవైన తరవాత ఎవరైనా జాగ్రత్తగా దాచమంటే పిల్లలు ఇంకెలా దాస్తారు? నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎటూ తేల్చుకోలేక నవ్వేసింది.

"ఇప్పుడు బయటికి తీయండర్రా. అందరూ చూడొచ్చు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. తీయడం ఎవరికీ తెలియదు. ఒకడు దాచినచోట ఇంకొకడు చూసి, ఇది చాలదని ఇంకాస్త లోపలికి తోశాడు. తరవాతి వాడు వచ్చి దాని పేరు మార్చి పనికిరానిది అని పెట్టాడు. ఆ తరవాతి పిల్ల దాన్ని పాత చెత్త అన్నదాంట్లో పడేసింది. ఎవరికి వాళ్ళు తమ వంతు జాగ్రత్త తాము పడ్డారు. ఇప్పుడు వీధి మొత్తం ఆ కంప్యూటర్లోనే ఉంది, ఎక్కడుందో మాత్రం పుట్టించినవాళ్ళకే తెలియదు.

"వెళ్దామా మేడమ్? టీ చల్లారిపోతుంది" అన్నాడు పెద్దసారు, పరువు కాపాడుకునే దారి కోసం చూస్తూ.

మేడమ్ లేవబోయింది. లారీ గుమ్మం ముందు ఆగినట్టే అనిపించింది టీచరుకి. రేపటినుంచి ఈ పిల్లలకి మళ్ళీ సుద్దముక్కతో గీసిన పెట్టే గతి.

"ఆగండి!" అని అరిచింది మైకు. మేడమ్ నిజంగానే ఆగిపోయింది. ఆ గొంతుకి ఆగనివాళ్ళు ఉండరు.

మైకు పరుగున వచ్చి పెద్ద కంప్యూటరు ముందు కూర్చుంది. "పేరు మారిస్తే మారుతుందిగానీ, వచ్చిన టైము మారదుగా! నిన్న సాయంత్రం ఈ కంప్యూటర్లోకి ఏమేం కొత్తగా వచ్చాయో వరస పెట్టమని అడుగుదాం. టీచర్, పేర్ల వరస పెట్టడం చెప్పారు కదా, టైము వరస కూడా పెట్టొచ్చా?"

టీచరు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. "పెట్టి చూడు" అంది. ఇంకొక్క మాట కూడా అనకూడదని గట్టిగా చేతులు కట్టుకుంది.

మైకు రెండు సార్లు తప్పు నొక్కింది, వెనక్కి తీసుకుంది, మళ్ళీ నొక్కింది. తెర మీద బారుగా పేర్లు దిగాయి. పనికిరానిది. పాత చెత్త. ముట్టుకోవద్దు. ఇది కూడా కాదు. మా తాత లెక్కలు. తరగతి మొత్తం ఒక్క ఉదుటున లేచి పెద్ద కంప్యూటరు చుట్టూ చేరింది.

"ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అన్నాడొకడు.

"మోగించు! చప్పుడు వింటే తెలీదా?" అంది ఇంకో పిల్ల.

మోగించారు. కిచకిచమని కత్తెర. "మాది! మంగలి షాపు మాది!" టకటకమని మిషను. "మా పిన్నిది!" ఢామ్మని ట్యూబు. తరగతంతా కేరింతలు. ఎవరి చప్పుడు వాళ్ళు పట్టుకుని, అసలు పేరు తిరిగి పెట్టి, వీధిలో ఉన్న చోటుకి తెచ్చి పెడుతున్నారు. మైకు మధ్యలో కూర్చుని పెళ్ళివారి పెద్దలా పురమాయిస్తోంది. "నువ్వు అటు పెట్టు. అది కాదు, దాని పక్కన. నెమ్మది, నెమ్మది, తలుపులు ఊడిపోతాయ్!" మేడమ్ కుర్చీ ఎప్పుడు ముందుకి జరిగిందో ఎవరూ చూడలేదు. అది ఇప్పుడు పిల్లల మధ్యలో ఉంది.

ఇంకొకటి మిగిలింది, బడి తలుపుది. దాని పేరు భయంకరం. మోగించారు.

"మళ్ళీ మొదలెట్టావూ? పో, వెళ్ళి వరండాలో నిలబడు!"

అది లెక్కల మాస్టారి గొంతు. ఎవరు ఎప్పుడు పట్టారో గానీ, ఆ కంచు కంఠం, చివర్లో బెత్తం బల్ల మీద చరిచిన చప్పుడుతో సహా దిగింది. మాస్టారి మొహం ఎర్రబడింది. తర్వాత ఆయన మీసం కొస వణికింది, పొట్ట కదిలింది, ఇక ఆపుకోలేక పగలబడి నవ్వేశాడు. "ఇంత గట్టిగా అరుస్తానా నేను?" అన్నాడు. "ఇంకా గట్టిగానే అరుస్తారు మాస్టారూ, కాస్త తగ్గించి పెట్టాం" అంది మైకు.

అంతే, వీధి మొత్తం ఒక్కసారి తెర మీద నిలబడింది. మేడమ్ తలుపుల మీద నొక్కుతూ పోయింది. ప్రతి తలుపూ తెరుచుకుంది. బడి తలుపుని మూడోసారి కూడా నొక్కి, మాస్టారి అరుపు విని, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది.

"నిజం చెప్పాలి, నేను లారీకి రోజు ఖాయం చెయ్యడానికే వచ్చాను" అంది. "ఈ వీధి తయారుగా చూపించి ఉంటే బాగుందని చెప్పి వెళ్ళిపోయేదాన్ని. టీచరే చేసిచ్చి ఉంటుందని మనసులో అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడానికి వీల్లేకుండా చేశారు. పోయినదాన్ని వెతకడం నా కళ్ళముందే నేర్చుకున్నారు, అదీ ఎవరూ చెప్పకుండా." పెద్దసారు వైపు తిరిగింది. "కంప్యూటర్లు ఇక్కడే ఉంటాయి. ఆ పెద్ద బడి టీచర్లని ఒక పూట ఇక్కడికే పంపిస్తాను. ఎలా నేర్పాలో చూసి వెళ్తారు."

గది పైకప్పు లేచిపోయేట్టు అరిచారు పిల్లలు. పెద్దసారు కూడా చప్పట్లు కొట్టాడు, ముందునుంచీ తనకి తెలుసన్నట్టు. టీచరుకి కళ్ళు నిండాయి. దాచుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు.

మేడమ్ వెళ్ళిపోయాక కిటికీ దగ్గర పక్క సెక్షను పిల్లలు ఇంకా అలాగే వేలాడుతున్నారు. వాళ్ళలో ఒకడు తల గోక్కుంటూ, "మాకూ చూపిస్తారా?" అన్నాడు. మీసాలు పెట్టినవాళ్ళలో వాడే ముఖ్యుడు.

ఎనిమిదో తరగతి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంది. టీచరు పక్కకి తప్పుకుంది. ఇది వాళ్ళు తేల్చుకోవలసిన పని.

"రండి!" అంది మైకు. "చెమట చేతులైనా పర్లేదు!"

ఒక్కొక్కళ్ళూ ఒక్కొక్కణ్ణి పట్టుకుని తమ కంప్యూటరు ముందు కూర్చోబెట్టుకున్నారు. "భయపడకు, అది కరవదు." "తప్పయితే వెనక్కి తీసుకో." "అబ్బా, నువ్వు నొక్కు, నీ చెయ్యి నేను పట్టుకోను." టీచరు ఒక వరస దగ్గరికి వెళ్ళి సాయం చెయ్యబోతే, "మీరుండండి టీచర్, వీడికి నేను చెప్తున్నాగా" అన్నాడు ఒకడు. ఇంకో వరస దగ్గరికి వెళితే ఆ పిల్ల తలెత్తను కూడా లేదు. ఆవిడ గది మధ్యలో చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడింది. తరగతిలో తనతో ఎవరికీ పని లేకుండా పోయిన ఆ పూట ఆవిడకి పట్టలేనంత సంతోషంగా ఉంది.